ముందు ఏ దోమో తేల్చండి: ప్రజారోగ్య సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ప్రజారోగ్య సంచాలకులకు,

ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం వస్తుంది. ర్యాలీలు తీస్తారు, బ్యానర్లు కడతారు, నీళ్ల తొట్లు కడుక్కోమని చెబుతారు. ఆ తేదీని లోకానికి ఇచ్చింది మన సికింద్రాబాదే. 1897లో ఆ రోజున రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమి ఎదుగుతున్న ఆనవాళ్లు చూశాడు. బేగంపేటలోని పాత భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తక్కువగా చెప్పుకునే భాగం ఇంకొకటి ఉంది. రాస్ ఈ పని మొదలుపెట్టింది 1895లో. నడుమ బెంగళూరులో కలరా పనికి పోయిన కాలం తీసేసినా, నెలల తరబడి దోమల్ని కోస్తూ కూర్చున్నాడు. అవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఇప్పటి పేర్లతో చెప్పాలంటే క్యూలెక్స్, ఎడిస్. మనిషికి వచ్చే మలేరియా క్రిమి వాటిలో ఎదగదు. ఎన్ని కోసినా, ఎంత నిదానంగా చూసినా ఏమీ కనబడలేదంటే కారణం అదే. రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమ చేతికి దొరికాక, హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాక, వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. రాస్‌కు ఓపిక కొరవడలేదు, సూక్ష్మదర్శినీ ఉంది. ఏ దోమను కోయాలో చెప్పేవాళ్లే లేరు.

ఈ లేఖ ఆ కొరత గురించే. నూట పాతికేళ్లు దాటినా మన దోమల నివారణ కార్యక్రమం దాన్ని పూర్తిగా తీర్చుకోలేదు. ఊళ్లో పట్టిన దోమను చూసి అనాఫిలిసా, క్యూలెక్సా, ఎడిసా అని చెప్పగల సిబ్బంది మనకు ఉన్నారు. అనాఫిలిస్‌లోనూ అది క్యులిసిఫేసిసా, ఫ్లూవియాటిలిసా, స్టీఫెన్సీయా అని సూక్ష్మదర్శిని కింద తేల్చగల కీటక నిపుణులూ ఉన్నారు. వాళ్ల పోస్టులు ఎన్ని భర్తీ అయి ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడి నుంచి ఇంకొక్క మెట్టు దిగితేనే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఒకే పేరు, ఒకే రూపం ఉన్న దోమల్లో కొన్ని మలేరియాను మోస్తాయి, కొన్ని మోయవు. ఆ తేడా పైకి కనబడదు, జన్యువులో ఉంటుంది. దాన్ని చదివే పరీక్ష ఇప్పుడు ఒక పెట్టెలో సర్దుకుని జీపులో తీసుకుపోగలిగినంత చిన్నదైంది. ఆ పెట్టెను పాడేరు, పార్వతీపురం, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం వంటి చోట్ల మలేరియా సిబ్బందికి అందించండని, అది చెప్పిన జవాబును బట్టి పిచికారీ ప్రణాళిక మార్చుకునే అధికారం అక్కడి అధికారికి ఇవ్వండని నా విన్నపం. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం దండగ అని కూడా ముందే మనవి చేస్తున్నాను.

మన పల్లెల దోమ సంగతే చూడండి. గ్రామీణ భారతంలో మలేరియాకు ప్రధాన వాహకం అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. దేశంలో ఏటా వచ్చే కేసుల్లో 60 నుంచి 65 శాతం దాని ఖాతాలోనే వేస్తారు. వాగుల్లో నిలిచిన గుంటలు, కాలువ పక్క మడుగులు, తవ్వి వదిలేసిన గోతులు దాని పుట్టిళ్లు. చాలాకాలం ఇదంతా ఒకటే జాతి అనుకున్నారు. 1980లో క్రోమోజోముల మీది పట్టీల అమరికను పోల్చి చూస్తే ఇందులో కనీసం రెండు జాతులున్నాయని తేలింది. వాటికి ఏ, బీ అని పేర్లు పెట్టారు. ఆ తర్వాత ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో డాక్టర్ సరళా సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి చేసిన పనితో ఆ సంఖ్య పెరుగుతూ వచ్చి, 1999 నాటికి ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదయింది. చూడ్డానికి అయిదూ ఒకటే. గుణం మాత్రం వేరు. బీ జాతికి పశువుల రక్తం మీదే మక్కువ, మనిషికి మలేరియా అంటించడంలో దాని పాత్ర బహు స్వల్పం. మిగిలిన నాలుగూ వాహకాలే. ఇక్కడ రామేశ్వరం కథ ఒకటి చెప్పాలి. ఆ దీవిలో ఉన్నది బీ జాతి అనుకున్నారు. కానీ అక్కడ మలేరియా ఉంది. మలేరియా మోయనిదని చెప్పుకున్న దోమ అక్కడెలా మోస్తోందన్నది చిక్కుముడి. చివరికి మగ దోమల వై క్రోమోజోమును చూస్తే అది బీ కానే కాదని, ఈ అనే వేరే జాతి అని, అయిదింటిలోకీ మలేరియాను అంటించడంలో అదే గట్టిదని బయటపడింది. ఆడ దోమల క్రోమోజోముల పట్టీలు చూసే నిపుణులకే ఆ రెండూ వేరని తెలియలేదు. ఇక మన హెల్త్ అసిస్టెంటును ఏమని అడగగలం?

మన్యంలో ఈ సమస్య ఇంకా పదునుగా ఉంటుంది. కొండ వాగుల అంచుల్లో, మెల్లగా పారే స్వచ్ఛమైన నీటిలో పెరిగేది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. 1990లలో ఇందులోనూ మూడు కవల జాతులు తేలాయి: ఎస్, టీ, యూ. టీ, యూ పశువుల కొట్టాల్లో వాలి పశువుల్నే కుడతాయి. ఎస్ మాత్రం మనిషి రక్తాన్నే వెతుక్కుంటుంది, మనుషులు పడుకునే ఇళ్లలోనే సేదతీరుతుంది. దేశంలోని అతి సమర్థమైన మలేరియా వాహకాల్లో ఒకటి. మన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆనుకునే ఉన్న ఒడిశా కొండ జిల్లాల్లో ఈ ఎస్ జాతి ఉన్నట్టు ఎన్నోసార్లు నమోదైంది. ఇప్పుడు ఒక గూడెంలో ఫ్లూవియాటిలిస్ దొరికిందని మీ కార్యాలయానికి నివేదిక వచ్చిందనుకుందాం. ఆ ఒక్క పదానికి రెండు పూర్తి భిన్నమైన అర్థాలున్నాయి. అది ఎస్ అయితే ప్రతి ఇంటి గోడకూ మందు పడాలి, ప్రతి పడకకూ దోమతెర ఉండాలి, ఇంటింటా జ్వర పరీక్షలు మొదలవ్వాలి. టీ అయితే ఆ గూడెంలో మలేరియాకు కారణం మరో దోమ, దాన్ని వెతకాలి. నివేదికలో పేరు ఒకటే, చేయాల్సిన పనులు రెండు. ఏది చేయాలో చెప్పని నివేదిక కాగితం ఖర్చే.

పొరబడ్డవాళ్లం మనమొక్కళ్లమే కాదు. గడిచిన శతాబ్దం మొదటి దశకాల్లో యూరప్ వైద్యులను ఒక వింత వేధించింది. అనాఫిలిస్ మాక్యులిపెన్నిస్ మూగి ఉన్న ఊళ్లు కొన్ని మలేరియాతో అల్లాడుతుంటే, అదే దోమ అంతే జోరుగా ఉన్న మరికొన్ని ఊళ్లలో జ్వరమే లేదు. ఇళ్ల కట్టుబడి మారిందన్నారు, పశువులు పెరిగాయన్నారు, రకరకాలుగా సర్దిచెప్పుకున్నారు. 1926లో ఇటలీలో ఫల్లెరోనీ అనే ఆరోగ్యశాఖ ఉద్యోగి ఆ దోమల గుడ్ల మీది మచ్చలను పోల్చి చూసి, అవి ఒకే రకం కావని కనిపెట్టడంతో ముడి వీడటం మొదలైంది. పెద్ద దోమలు అచ్చుగుద్దినట్టున్నా గుడ్లు వేరు, జాతులు వేరు, వ్యాధి మోసే తీరూ వేరు. ఇది పాత సంగతి అనుకుంటే 2001లో వియత్నాం నుంచి వచ్చిన ఫలితం చూడండి. అక్కడ కొన్నిచోట్ల రూపం చూసి అనాఫిలిస్ మినిమస్ అనే పేరుమోసిన వాహకమని లెక్క వేసి, ఇన్నాళ్లూ నివారణ చర్యలకు గురిపెట్టిన దోమ నిజానికి అనాఫిలిస్ వరుణ అని జన్యు పరీక్ష తేల్చింది. వరుణ పశువులను కుట్టే దోమ, అక్కడి మలేరియాతో దానికి సంబంధం లేదు. (1924లో దానికి పేరు పెట్టింది అయ్యంగార్ అనే మన దేశపు శాస్త్రజ్ఞుడే, పాపం, దేవుడి పేరు పెట్టుకున్నందుకైనా ఆ దోమకు మన్నన దక్కలేదు.) మందు, మనుషులు, డబ్బు అన్నీ పెట్టారు. గురి ఒక్కటే తప్పింది.

ఇంతకాలం ఈ పరీక్ష పొలం గట్టు దాకా ఎందుకు రాలేదో కూడా చెప్పుకోవాలి, లేకపోతే మీ సిబ్బందిని నిందించినట్టవుతుంది. క్రోమోజోములు చదివే పాత పద్ధతికి ఏ దోమ పడితే అది పనికిరాదు. ఆడదై ఉండాలి, రక్తం తాగి సగం అరిగిన స్థితిలో ఉండాలి, అప్పుడే దాని అండాశయంలో పట్టీలు చదవడానికి వీలయ్యేంత పెద్ద క్రోమోజోములు దొరుకుతాయి. వెంటనే ద్రావణంలో భద్రపరచాలి, ఆ పట్టీలు చదవగలిగిన కళ్లు కావాలి. అలాంటి నిపుణులు దేశం మొత్తం మీద కొద్దిమందే. తర్వాత వచ్చిన పీసీఆర్ అనే జన్యు పరీక్ష ఈ బాధను చాలావరకు తీర్చింది. ఒక కాలు చాలు, ఎండిపోయిన దోమైనా సరే, లార్వా అయినా సరే. కానీ పీసీఆర్‌కు ఉష్ణోగ్రతను మళ్లీమళ్లీ పెంచి తగ్గించే యంత్రం, నిలకడైన కరెంటు, శుభ్రమైన గది, చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి. అందుకే నమూనాలు దూర నగరంలోని పరిశోధన సంస్థకు వెళతాయి. ఫలితం తిరిగొచ్చేసరికి వానాకాలం వెళ్లిపోతుంది, పిచికారీ విడతలు అయిపోతాయి. ఆ ఫలితంతో పరిశోధన వ్యాసం రాయవచ్చు. మందు ఎక్కడ కొట్టాలో తేల్చడానికి మాత్రం అది పనికిరాదు.

కొత్తగా వచ్చిన మార్పు ఈ ఆలస్యం మీదే దెబ్బ కొడుతుంది. 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ల్యాంప్ అనే పద్ధతిలో ఉష్ణోగ్రతను పెంచి తగ్గించే పనే లేదు. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఒకే వేడిమీద గంటలోపు డీఎన్‌ఏ ముక్క కోట్ల ప్రతులుగా పెరుగుతుంది. వేడి నీళ్ల డబ్బా లాంటి చిన్న పరికరం, ఒక బ్యాటరీ చాలు. గొట్టంలోని ద్రావణం గులాబీ నుంచి పసుపుకు మారితే మనం వెతికే జాతి అదేనన్నమాట, మారకపోతే కాదన్నమాట. 2018లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ బృందం ఈ పద్ధతితోనే దోమను నీళ్లలో నలిపి, డీఎన్‌ఏను విడిగా శుద్ధి చేయకుండా, ఫలితాన్ని సెల్‌ఫోన్ కెమెరాతో చదివి ఎడిస్ ఈజిప్టైని గుర్తించవచ్చని చూపింది. ఒకే ఒక జన్యు అక్షరం తేడాను పట్టి, ఫలితాన్ని కాగితపు పట్టీ మీద గీతగా చూపే క్రిస్పర్ పరీక్షను మన ఢిల్లీ శాస్త్రజ్ఞులు 2020లో ఫెలుదా పేరుతో కోవిడ్ కోసం తెచ్చారు. అదే ఏడాది హైదరాబాద్ సీసీఎంబీ ఆర్‌ఎన్‌ఏ శుద్ధి అవసరం లేని డ్రై స్వాబ్ పద్ధతికి ఐసీఎంఆర్ ఆమోదం తెచ్చుకుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ మీద నడిచే ఆ చిన్న పీసీఆర్ యంత్రాన్ని టీబీ నిర్ధారణకు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. టీబీ కార్యక్రమం దాన్ని కింది స్థాయి ఆసుపత్రులకు చేర్చింది. కోవిడ్ వచ్చినప్పుడు అవే యంత్రాల్లో వేరే చిప్ పెట్టి ఆ పరీక్షలూ చేశారు. అంటే మనకు యంత్రం కొత్త కాదు, దాన్ని నడిపే మనుషులూ కొత్త కాదు. దోమ చిప్ ఒక్కటే లేదు.

మొదటి అభ్యంతరం ఎటు నుంచి వస్తుందో ఊహించగలను. ఏ దోమైతే ఏంటి, గోడకు కొట్టిన మందు అన్నింటినీ చంపుతుంది కదా అంటారు. చంపదు. ఇంటి గోడ మీద వాలే దోమనే ఆ మందు చంపుతుంది. పశువుల కొట్టంలో పడుకునే దోమనూ, కుట్టి బయటికి ఎగిరిపోయే దోమనూ అది తాకదు. పైగా మందుకు అలవాటుపడటం కూడా జాతిని బట్టి ఉంటుంది. దక్షిణాఫ్రికా పడ్డ దెబ్బ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. అక్కడ 1996లో డీడీటీ మానేసి పైరిథ్రాయిడ్ మందుకు మారారు. ఎప్పుడో తుడిచిపెట్టేశామనుకున్న అనాఫిలిస్ ఫునెస్టస్ ఆ కొత్త మందును తట్టుకునే శక్తితో తిరిగొచ్చింది. మందు కొట్టిన ఇళ్లలోనే అది హాయిగా వాలి ఉండటం చూశారు. ఫునెస్టస్ గుంపులోని జాతులు పైకి ఒకేలా ఉంటాయి కనుక, వచ్చింది ఫునెస్టసేనని పీసీఆర్ పరీక్షతో రూఢి చేసుకోవాల్సి వచ్చింది. 2000లో కేసులు 60 వేలు దాటాయి. ఆ ఏడాదే డీడీటీని మళ్లీ తీసుకొచ్చారు. మందును తట్టుకునే గుణాల్లో ఒకటైన కేడీఆర్ మార్పు డీఎన్‌ఏలో ఒక అక్షరం తేడాయే. జాతిని తేల్చడానికి పట్టిన దోమ కాలులోనే దాన్నీ చూడవచ్చు. మందును శరీరంలోనే విరగ్గొట్టుకునే రకం నిరోధం మాత్రం ఈ పరీక్షకు చిక్కదు. అందుకే దోమలను మందు కాగితం మీద ఉంచి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టే పాత పరీక్షను మానేయమని నేను అనడం లేదు.

రెండో అభ్యంతరం కొంత న్యాయమైనదే, కొంత ఒప్పుకుంటాను. డెంగీ దోమను గుర్తించడానికి జన్యు పరీక్ష ఎందుకు, కాళ్ల మీద తెల్ల చారలు కనిపిస్తూనే ఉన్నాయి కదా? నిజమే, అక్కర్లేదు. కూలరులో, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో లార్వా దొరికిందంటే అది ఎడిసేనని మీ సిబ్బంది కళ్లు మూసుకుని చెబుతారు. మూసీ ఒడ్డున, గుర్రపు డెక్క పట్టిన చెరువుల పక్కన సాయంత్రాలు కమ్ముకునేది క్యూలెక్స్ అని చెప్పడానికీ ఏ కిట్టూ అక్కర్లేదు. (మురుగు దోమ మీద పొగ వదిలి డెంగీ తగ్గుతుందని ప్రకటించే నగరపాలకులకు కావలసింది జన్యు పరీక్ష కాదు, ఎడిస్ మంచినీళ్లలో పుట్టి పగలు కుడుతుందన్న స్కూలు పుస్తకపు పాఠం.) ఈ పరీక్షను హంగు కోసం నగరాల్లో పెట్టి ఫొటోలు దిగితే నేను కోరినదానికి సరిగ్గా వ్యతిరేకం జరిగినట్టే. కంటికి తేడా తెలియని చోటే ఇది వాడాలి. అలాగే ఫోన్ కెమెరాతో దోమ ఫొటో తీస్తే కృత్రిమ మేధ పేరు చెప్పేస్తుందని కొందరంటున్నారు. చారలు, మచ్చలు ఉన్నంతవరకు అది మంచి సాధనమే, చవక కూడా. అయితే రూపంలో తేడా లేని కవలలను ఫొటోలో విడదీయడం దానికీ కష్టమే. ఒకవేళ సాధ్యమైనా, ఇది ఎస్, ఇది టీ అని ఆ యంత్రానికి నేర్పాలంటే ముందు జన్యు పరీక్షతో పేరు ఖాయమైన వందల దోమలు కావాలి. ఎటు నుంచి పోయినా దారి ఇక్కడికే వస్తుంది.

పరీక్షే తప్పు చెబితే? ఇది అన్నింటికన్నా గట్టి అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసిపారేసే వాళ్లను నమ్మకండి. ల్యాంప్ పద్ధతికి పెద్ద జబ్బు ఒకటుంది. ఒక గొట్టంలో పెరిగిన కోట్ల ప్రతుల్లో కొన్ని గాలిలో తేలి పక్క గొట్టంలో పడినా చాలు, అక్కడ లేని దోమ ఉన్నట్టు రంగు మారిపోతుంది. అందుకే గొట్టం మూత తెరవకుండానే ఫలితం చదివే కిట్లే తీసుకోవాలి, ప్రతి విడతలో దోమ లేని ఉత్త నీళ్ల గొట్టం ఒకటి పెట్టాలి. అది రంగు మారితే ఆ విడత ఫలితాలన్నీ పక్కన పడేయాలి. క్యులిసిఫేసిస్ అయిదింటినీ ఒకే పరీక్ష విడదీయదన్నది ఇంకో చిక్కు. పీసీఆర్‌లో సైతం మొదట ఏ, డీ ఒక గుంపుగా, బీ, సీ, ఈ ఇంకో గుంపుగా విడగొట్టి, తర్వాత రెండో పరీక్షతో లోపలి తేడా తీస్తారు. ఒక ప్రాంతపు దోమల జన్యువుకు సరిపోయిన రసాయనం మరో ప్రాంతంలో తడబడవచ్చు. కాబట్టి విదేశీ కిట్ పెట్టె విప్పి నేరుగా పాడేరులో వాడమని అనను. మన దోమల మీద, మన శాస్త్రజ్ఞులు, మన ప్రయోగశాలలో సరిచూశాకే అది బయటికి రావాలి. బయటికి వచ్చాక కూడా ప్రతి పది దోమల్లో ఒకదాన్ని రాజధాని ప్రయోగశాలకు పంపి సరిపోల్చుకోవాలి. టీబీ పరీక్షల్లో ఈ క్రమశిక్షణ మనకు అలవాటే.

డబ్బు మాట రాకుండా ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరే ఉండడు, డోలీలో గర్భిణిని మోసుకొస్తున్నారు, అక్కడ దోమకు జన్యు పరీక్షా అని ఎవరైనా కోపంగా అడిగితే ఆ కోపం నాకు అర్థమవుతుంది. రోడ్డు, డాక్టరు ముందు కావాలి, అందులో వాదన లేదు. కానీ ఈ డబ్బు అక్కడి నుంచి రాదు. ఏటా రెండు విడతలుగా ఇళ్ల గోడలకు కొట్టే మందు, ఆ కూలీ, ఆ రవాణా ఖర్చులోంచే వస్తుంది. దొరికిన ప్రతి దోమనూ పరీక్షించనక్కర్లేదు. ఒక్కో మండలంలో ఎంపిక చేసిన కొన్ని ఊళ్లలో, వానలకు ముందు ఒకసారి, వానల నడుమ ఒకసారి, ఇళ్లలో కొన్ని, కొట్టాల్లో కొన్ని పట్టి చూస్తే చాలు. అసలు ఖరీదు రసాయనంలో లేదు, దోమను పట్టే మనిషిలో ఉంది. తెల్లవారుజామున టార్చి, గాజు గొట్టం పట్టుకుని ఇంటింటి గోడలూ చూసే ఇన్‌సెక్ట్ కలెక్టర్ లేకపోతే ఎంత గొప్ప పెట్టె ఉన్నా అందులో వేయడానికి దోమే ఉండదు. ఆ పోస్టులు ఖాళీగా ఉంచి యంత్రాలు కొనే పక్షంలో, దయచేసి కొనకండి.

ఇక చివరి మాట, మలేరియా తగ్గిపోతోంది కదా అన్నది. తగ్గింది, అందుకు మీ శాఖల సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు దండం పెట్టాలి. దేశంలో 2015లో 11 లక్షల 69 వేలున్న కేసులు 2023 నాటికి 2 లక్షల 27 వేలకు దిగాయి. 2027కల్లా స్థానికంగా సోకే కేసు ఒక్కటీ ఉండకూడదని, 2030కి మలేరియానే లేకుండా చేయాలని లక్ష్యం. కేసులు లక్షల్లో ఉన్నప్పుడు గురి కాస్త అటూ ఇటూ అయినా ఫలితం కనిపిస్తుంది. వందల్లోకి దిగాక మిగిలేవి మొండివే: మన లెక్కకు అందని దోమ మోస్తున్నవి, మన మందు తాకని చోట కుడుతున్నవి. పోయిందనుకున్నది మళ్లీ రావడానికి దోమ ఒక్కటి మారినా చాలు. పట్టణాల్లో డాబా మీది నీళ్ల ట్యాంకుల్లో పెరిగే మన అనాఫిలిస్ స్టీఫెన్సీ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో మొదటిసారి కనిపించింది. ఆ ఏడు అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. 2020లో 73 వేలు దాటాయి. ఈ దోమే ఏకైక కారణమని ఎవరూ అనలేరు గానీ, పట్టణాల్లో మలేరియా పెరగడంలో దాని చేయి ఉందన్నది గట్టి అనుమానం. ఆఫ్రికా దోమలను గుర్తుపట్టే పాత పట్టికల్లో దాని పేరే లేదు కనుక అక్కడి సిబ్బంది దాన్ని తమ దోమగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకే అనుమానమొచ్చిన దోమను జన్యు పరీక్షతో రూఢి చేసుకోమంటున్నారు. శ్రీలంకకు 2016 సెప్టెంబరులో మలేరియా లేని దేశమని ధ్రువపత్రం వచ్చింది, డిసెంబరులో మన్నార్‌లో అదే స్టీఫెన్సీ దొరికింది. మన ఇంటి ట్యాంకుల దోమ విషయంలో బయటి దేశాలు అంత జాగ్రత్త పడుతుంటే, మన ఏజెన్సీ వాగుల దోమ ఏదో మనకు తెలియకపోవడం సబబు కాదు.

కాబట్టి సంచాలకుల వారూ, పెద్ద పథకం ప్రకటించమని అడగడం లేదు. మీ రెండు శాఖలూ కలిసి, ఢిల్లీలోని జాతీయ మలేరియా పరిశోధన సంస్థను, హైదరాబాద్‌లోని సీసీఎంబీని ఒకచోట కూర్చోబెట్టి, క్యులిసిఫేసిస్, ఫ్లూవియాటిలిస్ కవలలను విడదీసే ఒక చిన్న కిట్‌ను, వీలైతే ట్రూనాట్‌లో పెట్టే చిప్‌ను తయారు చేయమని అడగండి. వచ్చే వానాకాలానికి ఆంధ్రలో ఒక ఐటీడీఏ, తెలంగాణలో ఒక ఐటీడీఏ పరిధిలో దాన్ని పరీక్షించండి. ఏ ఊళ్లో ఏ జాతి దొరికింది, ఇంట్లో దొరికిందా, కొట్టంలో దొరికిందా, ఆ ఊళ్లో ఆ ఏడు మందు కొట్టారా లేదా, జవాబు వచ్చాక ఏం మార్చారు, ఇదంతా ఊరి పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి. పరీక్ష వల్ల ఒక్క ఊళ్లోనూ పిచికారీ నిర్ణయం మారలేదని తేలితే పెట్టెలు సర్దేయండి, నేను మళ్లీ రాయను. మారిందని తేలితే మాత్రం, ఆగస్టు 20న కట్టే బ్యానరు మీద రాస్ బొమ్మ పక్కన ఆ రెండు ఏజెన్సీల దోమల పటం కూడా వేయించండి.

భవదీయుడు